ఒకే వరుస, అందరి చిత్రం: ఫొటో చార్టర్ రైళ్లలో పాటించే మర్యాదలు

ఆవిరి ఇంజనుతో నడిచే పాత రైలును కొందరు ఔత్సాహికులు కలిసి ఒకటి రెండు రోజులకు అద్దెకు తీసుకుని, ఫొటోలు, వీడియోలు తీయడానికే నడిపించుకునే ఏర్పాటును ఫొటో చార్టర్ అంటారు. బ్రిటన్, అమెరికా, జర్మనీ తదితర దేశాల్లో ఇది చాలాకాలంగా ఉన్న అభిరుచి. ఈ యాత్రల్లో పాల్గొనేవారు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి, ఎవరి మాట వినాలి అన్న విషయాల్లో కొన్ని మర్యాదలు స్థిరపడ్డాయి. వాటిలో అధికభాగం ఏ చట్టంలోనూ రాసి లేవు. డ్రోన్ల రాకతో ఇప్పుడు ఆ మర్యాదలకు కొత్త చేర్పులు అవసరమయ్యాయి.

మామూలు రైలు యాత్రకూ దీనికీ తేడా ఉంది. పెళ్లివారో యాత్రికులో రైలు పెట్టె మొత్తాన్ని మాట్లాడుకోవడం మన దేశంలోనూ ఉన్నదే. అక్కడ రైలు మనుషులను గమ్యానికి చేర్చే సాధనం. ఫొటో చార్టర్‌లో చేరవలసిన గమ్యమంటూ ప్రత్యేకంగా ఉండదు. ప్రయాణికులు దారిలో దిగి, అదే రైలు తమ ముందు నుంచి వెళ్లడాన్ని చూడటానికే సొమ్ము చెల్లిస్తారు.

నేపథ్యం

ఔత్సాహికులు రైళ్లను అద్దెకు తీసుకునే అలవాటు రెండో ప్రపంచయుద్ధానికి ముందు నుంచే ఉంది. బ్రిటన్‌లో 1928లో ఏర్పడిన రైల్వే కరెస్పాండెన్స్ అండ్ ట్రావెల్ సొసైటీ వంటి సంఘాలు ఇటువంటి ప్రత్యేక యాత్రలను నిర్వహించాయి. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ రైల్వే హిస్టారికల్ సొసైటీ కూడా ఇదే బాటలో నడిచింది.

ఆవిరి యుగం ముగుస్తున్న కొద్దీ ఈ అభిరుచి బలపడింది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఓ. విన్‌స్టన్ లింక్ 1955 నుంచి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే ఇంజన్లను, ఆ రైల్వే సహకారంతో, రాత్రివేళ పెద్దసంఖ్యలో ఫ్లాష్ దీపాలు అమర్చి చిత్రించారు. ఇంజన్ల ధ్వనులను రికార్డు చేసి గ్రామఫోన్ రికార్డులుగా కూడా విడుదల చేశారు. రైలు చిత్రానికి వెలుతురు ఎంత ముఖ్యమో శబ్దమూ అంతే ముఖ్యమన్న భావనకు ఆయన కృషి తొలినాటి సాక్ష్యం. బ్రిటిష్ రైల్వే తన ప్రధాన మార్గాల్లో ఆవిరి ఇంజన్లకు వీడ్కోలు పలుకుతూ 1968 ఆగస్టు 11న లివర్‌పూల్, మాంచెస్టర్, కార్లైల్ మీదుగా ప్రత్యేక రైలును నడిపింది. టికెట్ ధర 15 గినీలు కావడంతో అది ఆ పేరుతోనే చరిత్రలో నిలిచింది.

ఆ తరువాత ఆవిరి ఇంజన్లు చాలావరకు పరిరక్షణ సంస్థల చేతుల్లోకి వెళ్లాయి. బొగ్గు, నీరు, మరమ్మతులు, సిబ్బంది వేతనాలతో వాటి నిర్వహణ ఖరీదైన వ్యవహారం. పర్యాటకులు తక్కువగా వచ్చే రోజుల్లో ఫొటో చార్టర్ ద్వారా వచ్చే అద్దె ఇటువంటి రైల్వేలకు ఆసరా అవుతోంది.

రన్‌పాస్ట్ ఎలా జరుగుతుంది

ఈ యాత్రలో కీలక ఘట్టాన్ని బ్రిటన్‌లో రన్‌పాస్ట్ అని, అమెరికాలో రన్‌బై అని పిలుస్తారు. ఎంపిక చేసిన వంతెన, మలుపు లేదా పాత స్టేషను దగ్గర రైలు ఆగుతుంది. ఫొటోలు తీసేవారు దిగి నిర్దేశించిన చోట నిలబడతారు. అందరూ పట్టాలకు దూరంగా ఉన్నారని ధ్రువపరుచుకున్నాక రైలు వెనక్కి వెళుతుంది. ఆపై కూత వేసి, పొగ చిమ్ముతూ, వేగం అందుకుని వారి ముందు నుంచి సాగిపోతుంది. మళ్లీ వెనక్కి వచ్చి అందరినీ ఎక్కించుకుంటుంది.

చూసేవారికి కొన్ని సెకన్ల దృశ్యంగా కనిపించేదాని వెనుక చాలా సమయం ఖర్చవుతుంది. దిగడం, సర్దుకోవడం, రైలు వెనక్కి వెళ్లడం, తిరిగి ఎక్కడం అన్నీ కలిపితే ఒక్కో చోట అరగంట గడిచిపోవచ్చు. ఇంజను సిబ్బంది పని గంటలకు చట్టపరమైన పరిమితి ఉంటుంది. అమెరికాలో అది 12 గంటలు. బొగ్గు, నీరు, ఇతర రైళ్ల రాకపోకలు కూడా లెక్కలోకి వస్తాయి. మబ్బు అడ్డొచ్చినా, ఒకరు పొరపాటున చట్రంలోకి నడిచినా ఆ అవకాశం తిరిగి రాకపోవచ్చు. ఒక్కరి తొందరపాటుకు అందరూ మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఈ రంగంలోని మర్యాదలన్నీ ఈ వాస్తవం నుంచి పుట్టినవే.

వరుసే రాజ్యాంగం

అన్ని నియమాలకూ మూలం ఫొటో వరుస. యాత్ర నిర్వాహకుడు సూర్యుడి దిశను, నేపథ్యాన్ని, భద్రతను చూసుకుని ఒక గీతను నిర్ణయిస్తాడు. ఆ గీతకు ముందు ఎవరూ ఉండకూడదు. ముందు వరుసవారు నేలపై కూర్చోవాలి లేదా మోకాళ్లపై ఉండాలి. వారి వెనుక నిలబడేవారు, అన్నిటికంటే వెనుక చిన్న నిచ్చెనలు తెచ్చుకున్నవారు ఉంటారు. ముందు ఉన్న ట్రైపాడ్‌ను పొట్టిగా ఉంచాలి. గుడి మండపంలో హరికథ వినడానికి కూర్చున్నవారిలో ముందువారు లేచి నిలబడితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది: ఒకరు లేస్తే వెనుక ఉన్న అందరూ లేవవలసి వస్తుంది, చివరికి ఎవరికీ ఏమీ కనిపించదు.

ముందుగా వచ్చి ట్రైపాడ్ నిలిపినవారికి ఆ చోటుపై హక్కు ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవారు వారి ముందుకు వెళ్లకూడదు. పక్కన చేరాలన్నా ఒక మాట అడగాలి. అనుభవం, వయసు, ఖరీదైన కెమెరా ఈ హక్కును మార్చవు. చోటు మరీ ఇరుకైనప్పుడు మంచి నిర్వాహకుడు రైలును రెండుసార్లు నడిపించి, మొదటిసారి వెనుక ఉన్నవారికి రెండోసారి ముందు చోటు ఇస్తాడు.

కటకాల తేడా కూడా తగాదాలకు కారణమవుతుంది. విశాలమైన దృశ్యం కోరేవారు పట్టాలకు దగ్గరగా రావాలనుకుంటారు. టెలిఫొటో కటకం వాడేవారు దూరం నుంచి తీస్తారు కనుక దగ్గరకు వచ్చినవారి తలలు వారి చిత్రంలో పడతాయి. అందువల్ల ఎవరికి వారు చోటు వెతుక్కోకుండా, తమ అవసరాన్ని ముందే నిర్వాహకుడికి చెప్పడం ఆనవాయితీ. రైలు కనిపించిన తరువాత ఎవరూ చోటు మారకూడదు. ఇంజను దాటిపోగానే వరుస నుంచి బయటకు రావడమూ తప్పే. రైలు చివరి పెట్టె వరకు చిత్రించేవారు ఉంటారు.

దుస్తుల విషయంలోనూ పట్టింపులున్నాయి. బ్రిటన్‌లో పట్టాల పక్కన నిలబడేవారు మెరిసే నారింజ లేదా పసుపు రంగు భద్రతా జాకెట్ ధరించాలని అనేక రైల్వేలు షరతు పెడతాయి. ఆ రంగు చిత్రంలో పడితే పాతకాలపు దృశ్యం చెడుతుంది. అయినా జాకెట్ విప్పడం పరిష్కారం కాదు. చట్రానికి వెలుపల ఉండటమే పరిష్కారం. ఎర్రటి దుస్తులు, ఎర్ర సంచులు వద్దంటారు. ఎర్ర గుడ్డ ఊపితే రైలు ఆగుతుందన్న సంగతి మన పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. డ్రైవరును అనవసరమైన సందేహంలో పడవేయకూడదన్నదే ఇక్కడి ఉద్దేశం.

మౌనం కూడా చిత్రంలో భాగమే

వీడియో తీసేవారికి, ధ్వనిని రికార్డు చేసేవారికి రైలు రాక చాలా ముందే మొదలవుతుంది. దూరాన ఎక్కడో కొండల్లో వినిపించే తొలి కూత నుంచి, రైలు వెళ్లిపోయాక ప్రతిధ్వని అణగిపోయే వరకు వారికి నిశ్శబ్దం కావాలి. ఆ వ్యవధిలో మాటలు, ఫోన్ మోతలు, కంకరపై అడుగుల చప్పుడు, ఆనందం పట్టలేక కొట్టే చప్పట్లు అన్నీ రికార్డింగును పాడుచేస్తాయి. నిర్వాహకుడు ముగిసిందని ప్రకటించే వరకు కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి.

రాత్రి చిత్రణలో వెలుతురుకు కూడా ఇదే క్రమశిక్షణ వర్తిస్తుంది. ఆగి ఉన్న ఇంజనును దీపాలతో వెలిగించి, కెమెరాలను చాలాసేపు తెరిచి ఉంచి చిత్రాలు తీస్తారు. ఆ సమయంలో ఒకరు టార్చ్ వేసినా, ఫోన్ తెర వెలిగినా అందరి చిత్రాలపై ఆ గీత పడుతుంది. కదిలే రైలు ముందు ఫ్లాష్ వాడకం పూర్తిగా వేరే విషయం. డ్రైవరు కళ్లు చెదిరే ప్రమాదం ఉన్నందున రైల్వే అనుమతి లేకుండా దానిని వాడకూడదు.

డ్రోన్ తెచ్చిన చిక్కు

వరుస అనే భావన నేలపై నిలిచినవారికి సరిపోతుంది. డ్రోన్‌కు వరుస లేదు. అది ఎగిరే ఆకాశమే అందరి చిత్రాలకూ నేపథ్యం. దాని రొద అందరి రికార్డింగుల్లోనూ పడుతుంది. ఒక్కరు డ్రోన్ ఎగరవేస్తే యాభై మంది చిత్రంలో అది చుక్కగా కనిపించవచ్చు. నిశ్చల చిత్రం నుంచి ఆ చుక్కను కంప్యూటర్‌లో చెరిపేయవచ్చు; ఇంజను ధ్వనిలో కలిసిన రొదను తీసివేయడం అంత తేలిక కాదు.

డ్రోన్ వాడేవారి వాదనలోనూ పస ఉంది. వారూ అందరితో సమానంగా రుసుము చెల్లించినవారే. అమెరికాలోని కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాల మధ్య 64 మైళ్ల పొడవున సాగే కంబ్రెస్ అండ్ టోల్టెక్ మార్గం 10,015 అడుగుల ఎత్తున్న కనుమను దాటుతుంది. అటువంటి చోట రైలు మలుపులు తిరుగుతూ ఎక్కే తీరు నేల మీద నుంచి పూర్తిగా కనిపించదు. వృద్ధాప్యం వల్లనో, మోకాళ్ల నొప్పుల వల్లనో వాలు దిగలేనివారికి డ్రోన్ కొత్త కళ్లు ఇస్తుంది.

ఈ రెండు వాదనలకూ చోటిచ్చే పద్ధతులు క్రమంగా రూపుదిద్దుకుంటున్నాయి. కొందరు నిర్వాహకులు డ్రోన్లను పూర్తిగా నిషేధిస్తారు. మరికొందరు నేలపై ఉన్నవారి రన్‌పాస్ట్‌లు ముగిశాక డ్రోన్ల కోసం విడిగా ఒక పరుగు కేటాయిస్తారు. ఏ పద్ధతి అయినా టికెట్ కొనేటప్పుడే స్పష్టంగా తెలిసి ఉండాలన్నది ముఖ్యం. అక్కడికి చేరాక మొదలయ్యే వాదన రోజంతటినీ పాడుచేస్తుంది.

అనుమతి ఉన్నచోట పాటించవలసిన మర్యాదలు ఇవి:

• ఎగరవేసే ముందు నిర్వాహకుడికి, ఆయన ద్వారా రైలు సిబ్బందికి తెలియజేయాలి. ఏ దిశలో, ఎంత ఎత్తున ఎగురుతుందో చెప్పాలి.

• డ్రోన్ ఫొటో వరుసకు వెనుక వైపున ఉండాలి. వరుసకు, రైలుకు మధ్యలోకి గానీ, రైలు వెనుక కనిపించే ఆకాశంలోకి గానీ రాకూడదు.

• వరుసలో నిలిచినవారి తలల మీదుగా ఎగరవేయకూడదు. ఎగరడం, దిగడం జనానికి దూరంగా జరగాలి.

• ఇంజను ముందు డ్రైవరు కంటికి ఎదురుగా ఎగరవేయకూడదు. సిగ్నళ్లను, పట్టాలను చూడవలసిన చూపు డ్రోన్ వైపు మళ్లడం ప్రమాదకరం.

• పొగగొట్టం పైకి ఎగజిమ్మే వేడి గాలిలోకి, నిప్పురవ్వల్లోకి వెళ్లకూడదు.

• ఒకేసారి ఎన్ని డ్రోన్లు ఎగరాలో ముందే నిర్ణయించుకోవాలి. ఒకటే ఎగిరితే ఆ వీడియోను మిగతావారితో పంచుకోవడం మంచి సంప్రదాయం.

• డ్రోన్ పట్టాలపై కూలితే దాని కోసం పరిగెత్తకూడదు. సిబ్బందికి చెప్పి, వారు తీసి ఇచ్చే వరకు వేచి ఉండాలి.

బ్యాటరీ సమయం మరో ఇబ్బంది. చిన్న డ్రోన్లు సాధారణంగా అరగంట లోపే గాలిలో ఉండగలవు. రైలు ఆలస్యమైతే, ముందుగా ఎగిరిన డ్రోన్ సరిగ్గా రైలు వచ్చే వేళకు దిగవలసి వస్తుంది. ఆ తొందరలో దిగే డ్రోన్ అందరి చిత్రానికీ అడ్డు వస్తుంది. కూత వినిపించే వరకు ఎగరవేయకుండా ఓపిక పట్టడమే దీనికి మందు.

చట్టం ఎక్కడ మొదలవుతుంది

మర్యాద వేరు, చట్టం వేరు. నిర్వాహకుడు సరే అన్నంత మాత్రాన డ్రోన్ ఎగరవేయడం చట్టబద్ధం కాదు. విమానయాన నిబంధనలు అనుమతించినంత మాత్రాన రైల్వే స్థలంలో ఎగరవేసే హక్కు రాదు. రెండు అనుమతులూ ఉండాలి.

అమెరికాలో సాధారణ ఎత్తు పరిమితి 400 అడుగులు. డ్రోన్ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. 250 గ్రాములు, అంతకు మించిన బరువున్న డ్రోన్లను నమోదు చేయాలి. వాణిజ్య అవసరాలకు ఎగరవేసేవారికి విమానయాన సంస్థ ధ్రువపత్రం కావాలి. జాతీయ ఉద్యానవనాల్లో 2014 నుంచి డ్రోన్లపై నిషేధం ఉంది. బ్రిటన్‌లో ఎత్తు పరిమితి 120 మీటర్లు. విద్యుదీకరించిన మార్గాలపై 25,000 వోల్టుల తీగలు ఉన్నచోట డ్రోన్ తగిలితే రైళ్లు నిలిచిపోయే ప్రమాదం ఉంది.

భారత్‌లో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. డిజిటల్ స్కై వేదికలో ఆ పటం అందుబాటులో ఉంటుంది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. పట్టాలపైకి, రైల్వే ఆవరణలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. దానికి ఆరు నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

హద్దు మీరితే

ఈ మర్యాదలు కేవలం చిత్రం కోసమే కావని కొన్ని ఘటనలు చాటాయి. జపాన్‌లో రైళ్ల ఫొటోలు తీసేవారిని తోరితెత్సు అంటారు. 2010 ఫిబ్రవరిలో ఒసాకా ప్రాంతంలోని కన్సాయ్ మార్గంలో ‘అసుక’ అనే ప్రత్యేక రైలును చిత్రించేందుకు కొందరు పట్టాల ఆవరణలోకి చొరబడటంతో రైళ్లు ఆగిపోయాయి. వేలాది ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు. ఆ ఘటన తరువాత ఈ అభిరుచి ఉన్నవారందరిపైనా అక్కడ విమర్శలు వెల్లువెత్తాయి.

బ్రిటన్‌లో 1923 నాటి ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ ఇంజను మరమ్మతుల అనంతరం 2016 ఫిబ్రవరి 25న లండన్ నుంచి యార్క్‌కు బయలుదేరింది. దారిలో జనం పట్టాలపైకి రావడంతో అది ఆగవలసి వచ్చింది. 2024 జూన్ 3న మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో మరింత విషాదకరమైన ఘటన జరిగింది. కెనడా నుంచి వచ్చిన 1930 నాటి ఆవిరి ఇంజను ‘ఎంప్రెస్’ను చూడటానికి గుమిగూడినవారిలో ఒక యువతి సెల్ఫీ తీసుకుంటూ పట్టాలకు మరీ దగ్గరకు వెళ్లి, ఇంజను తగిలి మరణించారు.

ఇంజను వెడల్పు పట్టాల మధ్య దూరానికి సమానం కాదు. దాని ముందుభాగం, సిలిండర్లు, మెట్లు పట్టాలకు బయట చాలా మేర పొడుచుకు వస్తాయి. అమెరికాలో ఇది మూడు అడుగులకు తగ్గదని భద్రతా ప్రచారాలు హెచ్చరిస్తాయి. ఫోన్ తెరలో దూరంగా కనిపించే ఇంజను నిజానికి చాలా దగ్గరగా ఉండవచ్చు. అందుకే 1941 నాటి ‘బిగ్ బాయ్’ ఇంజనును నడిపే యూనియన్ పసిఫిక్ సంస్థ పట్టాలకు కనీసం 25 అడుగుల దూరంలో ఉండాలని ప్రేక్షకులను కోరుతోంది.

రుసుము చెల్లించనివారి సంగతి

చార్టర్ రైలు వెళ్లే దారిలో రోడ్డు పక్కన నిలబడి ఉచితంగా ఫొటోలు తీసేవారు ఎప్పుడూ ఉంటారు. బహిరంగ స్థలంలో ఉన్నంతవరకు వారిని తప్పుపట్టలేం. అయితే రుసుము చెల్లించినవారి వరుసలోకి చొరబడటం, వారి చట్రంలో కారు నిలపడం, రైలుతో పోటీపడి వేగంగా వాహనం నడపడం అమర్యాదగా పరిగణిస్తారు. జర్మనీలో ‘ప్లాన్‌డాంఫ్’ పేరుతో సాగే ఏర్పాటులో ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. అక్కడ కొన్ని రోజులపాటు ఆవిరి ఇంజన్లు సాధారణ టైంటేబుల్ రైళ్లను లాగుతాయి. ఆ ఖర్చును ఔత్సాహికులు భరిస్తారు. పట్టాల వెంట ఎవరైనా నిలబడి చిత్రించుకోవచ్చు. టికెట్ కొని గానీ, విరాళం ఇచ్చి గానీ తీసుకున్న ఆనందానికి తగిన భాగం చెల్లించడం అక్కడ మర్యాద. అందరూ ఉచితంగానే చూస్తే మరుసటి ఏడాది ఆ రైలు ఉండదు.

పొలాల గట్లు తొక్కకపోవడం, గేట్లు తెరిస్తే తిరిగి మూయడం, ఇళ్ల ముందు వాహనాలు నిలపకపోవడం కూడా ఈ కోవలోనివే. ఒక రైతుకు కలిగిన కోపం ఆ మలుపును అందరికీ మూసివేయగలదు.

మన దేశంలో

భారత్‌లో పర్వత రైల్వేలకు యునెస్కో గుర్తింపు ఉంది: డార్జిలింగ్‌కు 1999లో, నీలగిరికి 2005లో, కాల్కా–సిమ్లాకు 2008లో అది లభించింది. ఈ మార్గాల్లో ఆవిరి ఇంజన్లతో చార్టర్ రైళ్లు నడిచిన సందర్భాలున్నాయి. 1881లో ప్రారంభమైన డార్జిలింగ్ రైలు రోడ్డును ఆనుకుని, దుకాణాల గుమ్మాల ముందు నుంచి వెళుతుంది. అక్కడ ఫొటో తీసేవారు రైల్వేకే కాదు, ఆ వీధిలో బతికేవారికీ జవాబుదారులు. ఇళ్ల మీదుగా డ్రోన్ ఎగరవేయడం వారి ఏకాంతానికి భంగం. నీలగిరి రైలులో మెట్టుపాళయం నుంచి కూనూరుకు ఎక్కేటప్పుడు ఇంజను వెనుక నుంచి నెడుతుంది. ఎక్కడ నిలబడితే ఏది కనిపిస్తుందో సిబ్బందిని అడిగి తెలుసుకోవడం మేలు.

తెలుగు రాష్ట్రాల్లో అనంతగిరి కొండల మీదుగా అరకు వెళ్లే మార్గం రైలు ఫొటోలు తీసేవారికి ఇష్టమైన చోటు. సొరంగాలు, వంతెనలు, తీవ్రమైన మలుపులు ఉన్న ఈ విద్యుదీకృత మార్గంలో పట్టాల వెంట నడక ప్రాణాంతకం. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నం పరిసరాల్లో డ్రోన్ ఎగరవేయాలనుకునేవారు గగనతల పటాన్ని, స్థానిక ఆంక్షలను ముందుగా చూసుకోవాలి.

చివరగా సిబ్బంది

ఫొటో చార్టర్ రోజున ఎక్కువ శ్రమపడేది కెమెరా పట్టినవారు కాదు. వేకువకు చాలా ముందే నిప్పు రాజేసి, అడిగిన చోటల్లా రైలును వెనక్కి ముందుకు నడిపి, తగిన క్షణంలో పొగ వచ్చేలా బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్, డ్రైవరు, గార్డు ఆ దృశ్యానికి అసలు కర్తలు. పరిరక్షణ రైల్వేల్లో వారిలో పలువురు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. రోజు ముగిశాక వారికి కృతజ్ఞత చెప్పడం, మంచి చిత్రాల ప్రతులు పంపడం పాత ఆనవాయితీ. పొగ సరిపోలేదనో వేగం తగ్గిందనో వారిపై కేకలు వేయడం ఈ రంగంలో క్షమించరాని తప్పు. భద్రత విషయంలో వారు వద్దన్నది వద్దే. ఎంత రుసుము చెల్లించినా ఆ మాటపై వాదన ఉండదు.